పైక్‌ చేపకు గాలం వేస్తారా? రాడ్‌ ఆఖర్న కొనండి!

మినియాపొలిస్‌లో ఎంఎస్‌ చదువుతున్నా, టొరంటోలో ఉద్యోగం చేస్తున్నా, స్టాక్‌హోంలో పీహెచ్‌డీ చేస్తున్నా ఒకటి మాత్రం కామన్‌. ఊరు దాటితే చాలు.. ఎటు చూసినా నీళ్లే! మిన్నెసోటా అయితే తనది ‘పదివేల సరస్సుల నేల’ అని కార్ల నంబర్‌ ప్లేట్ల మీదే రాసుకుంటుంది. చిన్నప్పుడు ఊరి చెరువులో వెదురు కర్రకు గాలం కట్టి చేపలు పట్టిన చేతులు ఆ నీళ్లు చూసి ఊరుకుంటాయా? వీకెండ్‌ రాగానే షాపుకి పరిగెడతాం. అక్కడ వరసగా నిలబెట్టిన రాడ్లు కనిపిస్తాయి. చెయ్యి నేరుగా వాటి మీదకే పోతుంది. ఉన్న బడ్జెట్‌ అంతా రాడ్‌కీ రీల్‌కీ అయిపోతే, మిగిలిన చిల్లరతో నాలుగు ఎరలు కొని బిల్లు కట్టేస్తాం.

మామూలు చేపలకైతే ఆ లెక్క చెల్లుతుంది. కానీ ఆ సరస్సుల్లో నార్తర్న్‌ పైక్‌ అని ఒక చేప ఉంది. దానికి గాలం వేయాలంటే షాపింగ్‌ లిస్టును తలకిందులు చేయాలి. చేప నోటి దగ్గర మొదలుపెట్టి మన చేతి దాకా రావాలి. ముందు కొక్కెం తీసే పట్టకారు, తర్వాత లీడరు, ఎర, దారం, రీలు.. అన్నిటికంటే ఆఖర్న రాడ్‌. ఎందుకో చూద్దాం.

కొర్రమీను లాంటిదే.. కానీ కాదు

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను తెలుసుగా! నాచులో, గుర్రపుడెక్క మాటున కదలకుండా కాచుకుని ఉంటుంది. కప్పో, చిన్న చేపో దగ్గరికొస్తే ఒక్క ఉదుటున మింగేస్తుంది. పైక్‌ వేట కూడా అచ్చం ఇదే. పొడుగాటి ఒళ్లు, బాతు ముక్కులా చదునైన మూతి, ఆకుపచ్చ ఒంటి మీద లేత పసుపు మచ్చలు. వీపు మీది రెక్క బాగా వెనక్కి, తోక దగ్గర ఉంటుంది. అందుకే నిలబడ్డ చోటు నుంచే బాణంలా దూసుకురాగలదు. చేపలు, కప్పలు, ఎలుకలు, ఆఖరికి బాతు పిల్లలు.. నోటికి అందినదాన్ని వదలదు. ఇంటర్నేషనల్‌ గేమ్‌ ఫిష్‌ అసోసియేషన్‌ రికార్డుల్లో ఉన్న అతి పెద్ద పైక్‌ 1986లో జర్మనీలో దొరికింది. బరువు దాదాపు 25 కిలోలు!

కొర్రమీనుతో పోలికలు ఇక్కడితో సరి. తేడాలు రెండున్నాయి. సామాను ఎంచుకునేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది వీటినే.

ఒకటి, పళ్లు. పైక్‌ నోట్లో వందల కొద్దీ ఉంటాయి. కింది దవడకు కత్తుల్లాంటి పెద్ద పళ్లు, పైన అంగిట్లో లోపలికి వంగిన సూదుల్లాంటి చిన్న పళ్లు. మామూలు నైలాన్‌ దారం వాటికి తగిలిందంటే కత్తెరలో పెట్టినట్టే.

రెండు, ఊపిరి. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చే చేప. అడుగు నీళ్ల బకెట్లో పెట్టి సంతకు తీసుకెళ్లినా బతికే ఉంటుంది. మన మార్కెట్లలో దాన్ని ప్రాణంతో అమ్మేది అందుకే. ఆ అలవాటుతో పైక్‌ని గట్టు మీద పడేసి తీరిగ్గా సెల్ఫీలు దిగితే మాత్రం అది దక్కదు. నీళ్లు దాటిన క్షణం నుంచి దానికి ఊపిరి అందదు.

ఇప్పుడు ఈ రెండూ కలిపి చూడండి. పైక్‌ దారం కొరికేసి పోయిందనుకోండి. మనకు పోయేది ఒక ఎర. దాని నోట్లో మాత్రం మూడు కొక్కేల గాలం ఉండిపోతుంది. గొంతు లోపల గుచ్చుకుంటే తిండి తినలేక చచ్చిపోవచ్చు కూడా. దారం తెగకుండా ఒడ్డుకు తెచ్చినా, కొక్కెం తీయడం చేతకాక అయిదు నిమిషాలు ఆగితే అదీ ప్రమాదమే.

‘ఎలాగూ వండుకుంటాంగా’ అంటారా? ఎప్పుడూ కుదరదు. మిన్నెసోటాలో 2018 నుంచి రాష్ట్రాన్ని మూడు జోన్లుగా విడగొట్టి పైక్‌ నిబంధనలు పెట్టారు. ఉత్తర-మధ్య జోన్‌లో 22 నుంచి 26 అంగుళాల మధ్య ఉన్న పైక్‌ను వదిలేయాల్సిందే. ఈశాన్యంలో 30 నుంచి 40 అంగుళాలవి వదలాలి. దక్షిణాన 24 అంగుళాల లోపువి ఉంచుకోకూడదు. చేప ఎంత పొడుగుందో గాలానికి పడ్డాక గానీ తెలియదు. కాబట్టి ప్రాణంతో వదలగలిగే సామాను ముందే చేతిలో ఉండాలి.

మొదటి బిల్లు: పట్టకారు, వల

పొడుగు ముక్కు పట్టకారు.. అదే, లాంగ్‌ నోస్‌ ప్లయర్‌. కనీసం 10 అంగుళాలుండాలి. ఇంట్లో స్క్రూలు బిగించే చిన్నది పనికిరాదు. దాంతో తీయబోతే వేళ్లు పళ్ల మధ్యకు వెళ్తాయి. మొప్పల అంచులు కూడా కోసేస్తాయి, జాగ్రత్త.

పక్కనే గట్టి తీగలు కత్తిరించే కట్టర్‌ ఒకటి ఉండాలి. కొక్కెం లోతుగా దిగితే పీకులాడకుండా దాన్నే ముక్కలుగా కత్తిరించేయొచ్చు. కొక్కెం మీ వేలికే దిగినప్పుడూ పనికొస్తుంది!

మూడోది వల. లోతుగా, వెడల్పుగా, రబ్బరు పూత ఉన్నది తీసుకోండి. మామూలు నూలు వలకు కొక్కేలు చిక్కుకుంటాయి. పైగా చేప ఒంటి మీది జిగురు పొరను గీరేస్తుంది. ఆ పొరే దానికి రోగాలు రాకుండా కాపాడేది. వల పెద్దదైతే ఇంకో లాభం ఉంది. చేపను బయటికి తీయక్కర్లేదు. నీళ్లలోనే వలలో ఉంచి పట్టకారుతో కొక్కెం లాగేయొచ్చు. కొత్తవాళ్లకు ఇదే బెస్ట్‌ పద్ధతి.

డబ్బు ఖర్చు లేని చిట్కా కూడా ఒకటుంది. ప్రతి కొక్కేనికీ లోపలివైపు వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది. దాన్ని పట్టకారుతో నొక్కి అణిచేయండి. దారం వదులు కానంత వరకూ చేప జారిపోదు, కొక్కెం మాత్రం క్షణాల్లో ఊడొస్తుంది.

ఫొటో కావాలా? ముందు ఫోన్‌ రెడీ చేసుకోండి. చేతులు తడుపుకోండి. చేపను దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీయకుండా, పొట్ట కింద చెయ్యి వేసి అడ్డంగా పట్టుకోండి. నీళ్లలోంచి తీసేటప్పుడు మీరూ ఊపిరి బిగబట్టండి. మీకు ఊపిరాడనప్పుడు దానికీ ఆడట్లేదని గుర్తు. వెంటనే వదిలేయండి.

లీడర్‌: పళ్లకూ దారానికీ మధ్య గోడ

అసలు దారానికి, ఎరకు మధ్య కట్టే గట్టి ముక్కనే లీడర్‌ అంటారు. పైక్‌ సామానులో చౌకైనదీ, లేకపోతే కొంప ముంచేదీ ఇదే. సాధారణంగా మూడు రకాలు దొరుకుతాయి.

స్టీల్‌ వైరు: చౌక. పళ్లకు తెగదు. కొన్ని చేపల తర్వాత మెలికలు పడుతుంది. మెలికపడిన చోట బలం పోతుంది కాబట్టి దాచుకోకుండా పారేయండి.

టైటానియం: ఖరీదెక్కువ. అంత తేలిగ్గా మెలికపడదు. ఒకటి కొంటే చాలా రోజులొస్తుంది.

ఫ్లోరోకార్బన్‌: గాజులా నీళ్లలో కనిపించదు. అయితే సన్నటిది పనికిరాదు. 60 నుంచి 80 పౌండ్లు, అంతకు మించిన లావు ఉండాలి. ప్రతి చేప తర్వాత వేళ్లతో తడిమి చూడాలి. గరుకు తగిలితే మార్చేయాలి.

మొదటిసారి వెళ్తున్నవాళ్లకు వైరే మేలు. పొడుగు కనీసం 12 అంగుళాలు. పైక్‌ ఎరను ఒక్కోసారి మొత్తంగా మింగేస్తుంది, పట్టుబడ్డాక దొర్లుతుంది. లీడర్‌ పొట్టిగా ఉంటే పళ్లు దాన్ని దాటి దారాన్ని అందుకుంటాయి. కొనేటప్పుడు చివర ఉండే క్లిప్పును రెండుసార్లు తెరిచి మూసి చూడండి. వైరు ఎంత గట్టిదైనా క్లిప్పు తెరుచుకుంటే కథ కంచికే.

ఎరలు: నాలుగు చాలు

షాపులో గోడ నిండా రంగురంగుల ఎరలుంటాయి. అవి ముందు పట్టేది చేపను కాదు.. మనల్ని! నిజానికి నాలుగు రకాలుంటే సీజన్‌ గడిచిపోతుంది.

స్పూన్‌: పేరుకు తగ్గట్టే చెంచా ఆకారపు రేకు. నీళ్లలో ఊగుతూ, మెరుస్తూ గాయపడ్డ చేపలా వస్తుంది. ఎరుపు, తెలుపు చారల ‘డార్‌డెవిల్‌’ స్పూన్‌ను డెట్రాయిట్‌ ప్రాంతపు ఎపింగర్‌ కంపెనీ తరతరాలుగా చేస్తోంది. ముప్పావు ఔన్సు నుంచి ఒక ఔన్సు బరువున్నది తీసుకోండి.

స్పిన్నర్‌: గిరగిరా తిరిగే రేకు. విసిరి, మామూలుగా రీలు తిప్పితే చాలు. మిగతా పనంతా అదే చూసుకుంటుంది. ఫ్రాన్స్‌లో పుట్టిన మెప్స్‌ స్పిన్నర్లలో 5వ నంబరు సైజు పైక్‌కి బాగా సరిపోతుంది.

చేప బొమ్మ ఎర: దీనికి పెద్ద చరిత్రే ఉంది. ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా అనే జాలరి 1936లో బెరడు చెక్కి, పైన చాక్లెట్‌ రేకు చుట్టి చిన్న చేప బొమ్మ చేసుకున్నాడు. గుంపులో కుంటుతూ ఈదే చేప మీదకే పెద్ద చేపలు పడటం ఆయన గమనించాడు. తన బొమ్మ కూడా అలాగే ఈదేలా చేశాడు. ఆ పేరుతోనే కంపెనీ వచ్చింది. పైక్‌కి 12 నుంచి 15 సెంటీమీటర్ల బొమ్మ సరిపోతుంది.

నాచుకి చిక్కని ఎర: పైక్‌ ఉండేదే నాచులో. మూడు కొక్కేల ఎర అక్కడ వేస్తే చేప కంటే ముందు గడ్డి పడుతుంది. ఒకే కొక్కెం, దానికి అడ్డుగా తీగ ఉన్న స్పూన్‌ కానీ, తామరాకుల మీద గెంతించే రబ్బరు కప్ప కానీ వాడండి. కొర్రమీను కోసం మన దగ్గర ఇప్పుడు కుర్రాళ్లు వాడుతున్న రబ్బరు కప్ప లాంటిదే. ఇంటి నుంచి తెచ్చుకున్నా పనికొస్తుంది.

దారం: బ్రెయిడ్‌ మంచిదే, కానీ..

పైక్‌కి ఎక్కువమంది వాడేది బ్రెయిడ్‌. సన్నటి పోగులు జడలా అల్లిన దారం. 30 నుంచి 50 పౌండ్ల బలమున్నది తీసుకోండి. బ్రెయిడ్‌ దాదాపు సాగదు. అందుకే 30 మీటర్ల దూరంలో చేప ఎరను ముట్టినా చేతికి తెలుస్తుంది. నాచులో చిక్కుకున్నా గడ్డిని కోసుకుంటూ బయటికొస్తుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ‘50 పౌండ్ల దారం కదా, లీడర్‌ ఎందుకు?’ అనుకుంటారు. 50 పౌండ్లు అనేది లాగితే ఆగే బలం. పళ్లకు ఆగే బలం కాదు. బట్టకుట్టే దారాన్ని లాగి తెంపడం కష్టం, కత్తెరకు మాత్రం ఇట్టే తెగుతుంది కదా! ఇదీ అంతే.

రీలుకు చుట్టేటప్పుడు ముందు కొన్ని మీటర్లు మామూలు నైలాన్‌ దారం చుట్టి, దానిమీద బ్రెయిడ్‌ చుట్టండి. లేదంటే నున్నటి రీలు మీద బ్రెయిడ్‌ మొత్తం జారుతూ తిరుగుతుంది. లీడర్‌కు కట్టడానికి పాలోమార్‌ ముడి చాలు. బిగించే ముందు తడి చేయండి. ఎర ఎక్కడైనా ఇరుక్కుంటే బ్రెయిడ్‌ను చేతికి చుట్టుకుని లాగొద్దు. వేలు తెగుతుంది.

రీలు: బ్రేకు ముఖ్యం

రీళ్లలో ప్రధానంగా రెండు రకాలు. రాడ్‌ కింద వేలాడేది స్పిన్నింగ్‌ రీలు. రాడ్‌ పైన కూర్చునేది బెయిట్‌కాస్టర్‌. రెండో దాంతో బరువైన ఎరలు గురి చూసి విసరొచ్చు. కానీ బొటనవేలితో అదుపు చేయడం రాకపోతే దారమంతా చిక్కుపడి జడ కట్టేస్తుంది. మొదటి సీజన్‌కు స్పిన్నింగే తీసుకోండి. సైజు 4000. తేలిగ్గా కావాలంటే 3000.

బాల్‌ బేరింగులు ఎన్నని అడిగేకన్నా డ్రాగ్‌ ఎలా ఉందో చూడండి. డ్రాగ్‌ అంటే రీలుకు ఉండే బ్రేకు. చేప గట్టిగా లాగినప్పుడు కొంత దారం వదిలి, తెగకుండా కాపాడుతుంది. షాపులోనే దారాన్ని చేత్తో లాగి చూడండి. వెన్నలా సాగాలి. ఆగి ఆగి, కుదుపులతో వస్తే వద్దు. పైక్‌ అలసిపోయినట్టు నటించి, పడవ దగ్గరికి రాగానే ఒక్కసారిగా పరిగెడుతుంది. కుదుపు ఉన్న రీలు ఆ క్షణంలోనే దారం తెంపేస్తుంది. దారం, లీడర్‌, క్లిప్పులలో బలం తక్కువున్నది ఏదో చూసి, అందులో నాలుగో వంతు బరువుకు జారేలా బ్రేకు పెట్టుకుంటే మంచిది.

ఇప్పుడు రాడ్‌!

ఇప్పటిదాకా కొన్నవన్నీ చూసుకుంటే రాడ్‌ దానంతటదే తేలిపోతుంది. అసలు కిటుకు ఇదే. పిడి పైన చిన్న అక్షరాల్లో రాసి ఉండే నాలుగు మాటలు చదవడం వస్తే చాలు.

పొడుగు: 7 అడుగులు. గట్టు మీద నుంచి దూరం విసరాలంటే ఏడున్నర. బస్సులో వెళ్లేవాళ్లు రెండు ముక్కలుగా విడిపోయేది తీసుకోండి.

పవర్‌: మీడియం హెవీ. అంటే రాడ్‌ నడుము బలం. నాచులోకి దూరబోయే చేపను ఇవతలికి తిప్పేది ఇదే.

యాక్షన్‌: ఫాస్ట్‌. అంటే కొస మాత్రమే వంగుతుంది. పైక్‌ అంగిలి ఎముకలా గట్టిగా ఉంటుంది. మొత్తం వంగిపోయే మెత్తటి రాడ్‌తో కొక్కెం అందులోకి దిగదు.

ఎర బరువు: అర ఔన్సు నుంచి ఒకటిన్నర ఔన్సు దాకా. ఐరోపాలో అయితే 20 నుంచి 60 గ్రాములు అని రాసి ఉంటుంది. మీ దగ్గరున్న ఎరల్లో బరువైనదీ, తేలికైనదీ రెండూ ఈ అంకెల మధ్యలో పడాలి. ఎరలు ముందు కొనమన్నది ఇందుకే.

‘సన్నటి రాడ్‌తో పెద్ద చేపను ఆడిస్తే మజా’ అనేవాళ్లుంటారు. ఆ మజా పావుగంట సాగితే చేప పూర్తిగా డస్సిపోతుంది. వదిలినా చాలాసార్లు కోలుకోదు. గట్టి రాడ్‌ అంటే మన బలం చూపించడానికి కాదు, దాన్ని తొందరగా పట్టి తొందరగా వదలడానికి.

మరి ఎంత ఖర్చు పెట్టాలి? ఖరీదైన రాడ్‌ తేలిగ్గా ఉంటుంది, రోజంతా విసిరినా చెయ్యి నొప్పి పుట్టదు. అయితే పైక్‌ బెదిరిపోయే చేప కాదు. రాడ్‌ ధర దానికి తెలియదు! రాడ్‌, రీలు కలిపి అమ్మే కాంబో ప్యాక్‌తో నిక్షేపంగా మొదలుపెట్టొచ్చు. సెకండ్‌ హ్యాండ్‌ది కొంటే మాత్రం దారం వెళ్లే రింగుల్లో దూది తిప్పి చూడండి. పోగు తట్టుకుందంటే అక్కడ పగులుందని అర్థం. బ్రెయిడ్‌ అక్కడే అరిగి తెగుతుంది.

ఎండైనా, మంచైనా..

పైక్‌ చల్లటి నీళ్ల చేప. మంచు కరిగిన కొత్తలో ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్లలో ఉంటుంది. ఎండలు ముదిరితే నాచు అంచులకు, లోతుకు జరుగుతుంది. నీళ్లు 21 డిగ్రీలు దాటాక పట్టి వదిలిన చేప కోలుకోవడం కష్టం. ఆ రోజుల్లో తెల్లవారుజామునే వెళ్లండి, లేదా మానేయండి. ఆకురాలే కాలం మళ్లీ మంచి సీజన్‌.

చలికాలంలో మంచుకు రంధ్రం వేసి పట్టడం ఇంకో ప్రపంచం. ఏడడుగుల రాడ్‌ అక్కడ పనికిరాదు. మూడడుగుల పొట్టి రాడ్‌ కానీ, చేప పడగానే జెండా లేచే ‘టిప్‌ అప్‌’ కానీ వాడతారు. లీడర్‌ మాత్రం అప్పుడూ తప్పదు. మంచు మీద నడవాలంటే గట్టి కొత్త మంచు కనీసం 4 అంగుళాలు ఉండాలన్నది మిన్నెసోటా ప్రకృతి వనరుల శాఖ చెప్పే మాట. ఒంటరిగా వెళ్లొద్దు. పడవలో అయితే ఈత వచ్చినా లైఫ్‌ జాకెట్‌ వేసుకోవాల్సిందే. ఆ చల్లటి నీళ్లలో పడితే ఎంత ఈతగాడికైనా కాసేపటికే చేతులు కొయ్యబారిపోతాయి.

లైసెన్స్‌ మర్చిపోవద్దు

మన చెరువు గట్టు మీద ఎవరూ అడగరేమో గానీ అక్కడ తనిఖీ ఉంటుంది. మిన్నెసోటాలో 16 ఏళ్లు నిండితే లైసెన్స్‌ కావాలి. మంచు లేని కాలంలో సాధారణంగా ఒక మనిషి ఒక్క గాలమే వేయాలి. కెనడాలోని ఒంటారియోలో ముందు ‘అవుట్‌డోర్స్‌ కార్డ్‌’ తీసుకోవాలి. స్వీడన్‌లో సముద్ర తీరంలోనూ, అయిదు పెద్ద సరస్సుల్లోనూ చేతి గాలానికి డబ్బు కట్టక్కర్లేదు. ఫిన్లాండ్‌లో మామూలు గాలం ఉచితం, రీలు పెట్టి ఎర విసిరితే రుసుము ఉంటుంది. పట్టిన చేపను ప్రాణంతో ఇంకో సరస్సులో వదలడం మాత్రం పెద్ద తప్పు. కాలిఫోర్నియాలోని లేక్‌ డేవిస్‌లోకి ఇలాగే చేరిన పైక్‌ను వదిలించుకోవడానికి 1997లో, మళ్లీ 2007లో సరస్సు మొత్తానికి మందు కలపాల్సి వచ్చింది.

ఇంతకీ పులుసు సంగతి?

పైక్‌ మాంసం తెల్లగా, రుచిగా ఉంటుంది. కాకపోతే కండలో ఇంగ్లిష్‌ ‘వై’ అక్షరం ఆకారంలో ముళ్లుంటాయి. చాలామంది అమెరికన్లు వీటికి భయపడే పైక్‌ జోలికి పోరు. ముళ్ల చేపలు తిని పెరిగిన మనకు అదో లెక్కా! ముక్కల మీద దగ్గరదగ్గరగా సన్నటి గాట్లు పెట్టి, ఉప్పూ కారం పట్టించి కరకరలాడేలా వేయిస్తే చిన్న ముళ్లు పెద్దగా ఇబ్బంది పెట్టవు. మిన్నెసోటా వాళ్లయితే వెనిగర్‌లో ఊరబెట్టి పచ్చడిలా తింటారు. ఆ పులుపుకు ముళ్లు మెత్తబడిపోతాయి. ఉడికించని వంటకం కాబట్టి ముందు మైనస్‌ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం రోజులు పెట్టాలి. లేదంటే బద్దెపురుగు ఒంట్లోకి చేరే ప్రమాదం ఉంది.

వండుకోవడానికి నిబంధన ఒప్పుకునే చిన్న చేపను ఎంచుకోండి. పెద్ద పైక్‌లలో పాదరసం ఎక్కువ చేరి ఉంటుంది. పైగా భారీ సైజువి దాదాపు అన్నీ ఆడవే. వచ్చే వసంతంలో ఆ సరస్సులో గుడ్లు పెట్టాల్సింది అవే. చిన్నది పులుసులోకి, పెద్దది మళ్లీ నీళ్లలోకి.. ముందుగా కొన్న ఆ పట్టకారు, వల ఉంటే రెండూ మీ చేతిలో పనే.